దొంగ అడుగు నుంచి గంజాయి మూట దాకా: పోలీసు కుక్కపిల్ల ఎంపిక మారిన తీరు

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పేర్చిన సామాన్ల పక్కనుంచి లాబ్రడార్ నడుచుకుంటూ పోతుంది. ఒక సంచి దాటి, తల వెనక్కి తిప్పి, మళ్లీ వాసన చూసి అక్కడే కూర్చుంటుంది. మొరగదు, గోకదు. ఇదేం పోలీసు కుక్క అనుకుంటారు చూసేవాళ్లు. వాళ్ల మనసులో ఉన్నది కోరలు చూపించే అల్సేషియన్. ఒకప్పుడు పోలీసులు ఏరుకున్నదీ అలాంటి పిల్లనే. నేరం మారినప్పుడల్లా కుక్కపిల్లలో చూడాల్సిన గుణం మారింది. కొనేవాళ్ల చూపు మాత్రం నిదానంగా మారింది.

పోలీసు పనికి కుక్కల్ని పద్ధతిగా పెంచడం 1899లో బెల్జియంలోని ఘెంట్ నగరంలో మొదలైంది. మన దేశంలో ముందుగా చేపట్టినవాళ్లలో మద్రాసు పోలీసులు ఒకరు, అది 1951. అప్పటికి శ్రీకాకుళం జిల్లా ఏర్పడి ఏడాది, ఈ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. 1970లో గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో బీఎస్ఎఫ్ జాతీయ శిక్షణ కేంద్రం పెట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో జాగిలాల శిక్షణ హైదరాబాద్ శివారు మొయినాబాద్‌లో సాగేది. 2014 విభజనలో అది తెలంగాణకు పోయింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ మంగళగిరి ఏపీఎస్పీ బెటాలియన్‌లో సొంతంగా నడుపుకుంటోంది.

మొదటి కాలం ట్రాకర్లది. ఇల్లు దోచిన చోట వాసన పట్టించి, పది మీటర్ల పగ్గంతో వదిలేవారు. కుక్క పట్టుకునేది మనిషి ఒంటి వాసనతో పాటు అడుగు కింద నలిగిన గడ్డి, కదిలిన మట్టి వాసన కూడా. మంచు తడి ఉన్న వేకువలో జాడ నిలుస్తుంది, పదింటికి ఎండెక్కితే చెదురుతుంది. జాగిలం వచ్చేసరికి ఊరంతా దొడ్లో నిలబడితే ఇక చెప్పేదేముంది. రోడ్డు దాకా వెళ్లి ఆగిపోయిందంటే కుక్క తప్పు కాదు, దొంగ అక్కడ బండెక్కాడని అర్థం. కోర్టుల్లోనూ ఈ జాడ నిలవలేదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2001లో సుప్రీంకోర్టు సంగతి తేల్చింది: కుక్కను బోనెక్కించి క్రాస్ ఎగ్జామిన్ చేయలేం, దాన్ని నడిపే పోలీసు (హ్యాండ్లర్) చెప్పేది విన్నమాటే అవుతుంది. దర్యాప్తుకు దారి చూపడం వరకే దాని విలువ.

ఆ లోగానే మందుపాతరలు వచ్చిపడ్డాయి. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు రోడ్లలో ప్రతి కల్వర్టూ అనుమానమే. 2003 అక్టోబరు 1న అలిపిరిలో క్లేమోర్ మైన్లు పేలాక వీఐపీ ఎక్కడికొచ్చినా ముందు జాగిలం నడవాల్సి వచ్చింది. పేలుడు పదార్థాన్ని గోకే కుక్క తననూ హ్యాండ్లర్‌నూ చంపుతుంది. కాబట్టి కనుక్కోగానే కదలకుండా కూర్చునేది కావాలి. సిరిమానోత్సవానికి విజయనగరంలో, రథసప్తమికి అరసవల్లిలో లక్షల జనం మధ్య తిరగాలంటే జనాన్ని బెదరగొట్టనిదీ, తాను బెదరనిదీ కావాలి. లాబ్రడార్‌కు గిరాకీ పెరిగింది అందుకే.

ఇప్పుడు గంజాయి. ఒడిశా నుంచి సాలూరు మీదుగా విజయనగరం దిగే 26వ నంబరు జాతీయ రహదారి, ఇచ్ఛాపురం నుంచి వచ్చే 16వ నంబరు, హౌరా–చెన్నై రైలు మార్గం: మూడూ ఈ జిల్లాల గుండానే పోతాయి. 1985 నాటి మత్తు పదార్థాల నిరోధక ఎన్‌డీపీఎస్ చట్టం కింద 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, శిక్ష కనీసం పదేళ్లు. 2024 నవంబరులో రాష్ట్రం మత్తు పదార్థాల కోసమే ‘ఈగల్’ విభాగం పెట్టింది. ఒకే కుక్కకు పేలుడు పదార్థాలూ గంజాయీ రెండూ నేర్పరు. అది కూర్చున్నప్పుడు సంచి విప్పాలో, జనాన్ని ఖాళీ చేయించాలో హ్యాండ్లర్‌కు తెలియాలి కదా.

ఇక పిల్ల ఎంపిక. ఒకే ఈతలోని పిల్లల్ని ఏడు వారాల వయసులో, వాటికి తెలియని గదిలో, తెలియని మనిషి ఒక్కొక్కదాన్నే పరీక్షిస్తారు. పాలు తాగి మత్తుగా ఉన్నప్పుడు కాదు, ఆకలి వేళ. ఉండచుట్టిన కాగితాన్ని మీటరు దూరం విసిరితే వెంటపడి నోట కరుచుకుని తేవాలి. స్టీలు పళ్లెం నేల మీద పడేస్తే ఉలిక్కిపడొచ్చు, తప్పులేదు. కొన్ని సెకన్లలో తేరుకుని పళ్లెం దగ్గరికి వస్తుందా లేదా అన్నదే చూడాలి. మూలన నక్కిందంటే రైల్వే స్టేషన్‌కు పనికిరాదు. నున్నటి గ్రానైటు నేల మీద, ఇనుప మెట్ల మీద నడిపించాలి. ఈ పరీక్ష జోస్యం కాదు. ఏడు వారాల్లో చురుగ్గా ఉన్నది ఆరు నెలలకు చప్పబడిపోవడం మామూలే. నాలుగో నెలలోనూ ఆరో నెలలోనూ మళ్లీ చూడాలి. గడ్డిలోకి విసిరిన బంతి కనిపించకపోయినా ఎంతసేపు వెతుకుతుందన్నది అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు. తల పెద్దది, ఎముక గట్టిది అని కొన్న పిల్లల్లో ఈ పట్టుదల లేక వెనక్కి పోయేవే ఎక్కువ.

వంశపత్రం ఒక్కటే చూసి మోసపోవద్దు. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్లకు తుంటి కీలు జబ్బు వంశపారంపర్యం. రెండు నెలల పిల్లలో అది కనబడదు. తల్లిదండ్రుల ఎక్స్‌రే అడగాలి.

కొన్నాక జరిగే పెద్ద తప్పు ఇంకొకటి. టీకాలు ఆరు–ఎనిమిది వారాలకు మొదలై పదహారో వారం దాకా సాగుతాయి. పిల్లల్ని చంపే పార్వో వైరస్ జబ్బు భయంతో అన్నాళ్లూ కెన్నెల్లోనే ఉంచేస్తారు. కానీ లోకాన్ని బెరుకు లేకుండా స్వీకరించే వయసు దాదాపు పన్నెండు వారాలతో అయిపోతుంది. మధ్యేమార్గం ఉంది: చంకనెత్తుకుని ఆర్టీసీ కాంప్లెక్స్‌కూ రైతుబజారుకూ తీసుకెళ్లడం, వీధికుక్కలు తిరిగే నేల మీద మాత్రం దించకపోవడం.

వాసన పని ఆట నుంచే పుడుతుంది. చుట్టిన తువ్వాలుకు గంజాయి వాసన పట్టించి ఆడిస్తారు. తర్వాత ఆరు డబ్బాల్లో ఒకదాంట్లో నమూనా. అక్కడ కూర్చున్న క్షణంలోనే బంతి ఆ డబ్బా దగ్గర పడాలి. రెండు సెకన్లు ఆలస్యమైతే కుక్క వాసనను కాదు, హ్యాండ్లర్ ముఖాన్ని చదవడం నేర్చుకుంటుంది. మూటలకు వాడే బ్రౌన్ టేపుతో ఇక్కడో చిక్కు ఉంది. నమూనాను ఎప్పుడూ టేపులోనే చుట్టి పెడితే కుక్క టేపు వాసనే నేర్చుకుని, కొరియర్ పార్సిల్ ప్రతిదాని ముందూ కూర్చుంటుంది. అందుకే మిగతా ఐదు డబ్బాల్లో ఉత్త టేపు, ఉత్త ప్లాస్టిక్, హ్యాండ్లర్ చేతి గ్లౌజు, ఎండుచేప, పలాస జీడిపప్పు పెట్టాలి. తూకమూ మార్చాలి. యాభై గ్రాములకే అలవాటైన ముక్కు ఇరవై కిలోల మూట ముందు వాసన ఎక్కడినుంచి వస్తోందో తేల్చుకోలేక తిరుగుతుంది.

2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు కుక్క, హ్యాండ్లర్ కలిసిన 18 జట్లను, వెతకాల్సిన వాసన అసలు లేనేలేని గదుల్లో వదిలారు. అక్కడ వాసన ఉందని హ్యాండ్లర్లకు ముందే చెప్పారు. రెండు వందలకు పైగా తప్పుడు సూచనలు వచ్చాయి. కాబట్టి దాచేవాడు వేరు, నడిపేవాడు వేరు కావాలి.

మే నెల ఉక్కలో కుక్క నోరు తెరిచి వగర్చడం మొదలెట్టిందంటే ముక్కు పని సగం ఆగినట్టే. ఇరవై నిమిషాలు పని, ఆ తర్వాత నీడ, నీళ్లు. పిడుదులు మరీ ప్రమాదం: వాటి వల్ల వచ్చే జ్వరానికి కొన్నిసార్లు ముక్కు నుంచి రక్తం కారుతుంది, ఆ జాగిలం వారాల తరబడి డ్యూటీకి రాదు. వేళ్ల సందులూ చెవులూ రోజూ చూడాలి.

నెలలో కొన్ని రోజులు ఎక్కడా ఏమీ దాచకుండా వెతికించాలి, ఏమీ లేదని చెప్పడం కూడా దానికి రావాలి. అలాంటి రోజు పని ముగిశాక స్టేషన్ బయట వేరొకరు దాచిన చిన్న నమూనా పట్టించి, బంతి ఇచ్చి బండెక్కిస్తారు. లేకపోతే మర్నాటి వెతుకులాటలో పస ఉండదు.