తెరవని పాత స్పోర్ట్స్ కార్డుల ప్యాకెట్లు: సీలు చుట్టూ అల్లుకున్న అపోహలు

ఆటగాళ్ల బొమ్మలుండే పాత బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, హాకీ కార్డుల ప్యాకెట్లను తెరవకుండా అలాగే దాచుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. విడి కార్డులు సేకరించే స్నేహితులకు కూడా ఇది కాస్త వింతగానే ఉంటుంది. లోపల ఏముందో తెలియకుండా అంత డబ్బు ఎలా పెడతావని అడుగుతారు. పదిహేనేళ్ల అనుభవంతో నాకు తెలిసిన జవాబు ఒక్కటే. ఈ రంగంలో డబ్బంతా సీలు మీదే నిలబడి ఉంటుంది. సీలు అసలుదైతే లోపల మామూలు ఆటగాళ్ల కార్డులే ఉన్నా ఆ ప్యాకెట్‌కు విలువ ఉంటుంది. సీలు అబద్ధమైతే చేతిలో మిగిలేది పాత కాగితం, ఎవరో ఏరేయగా మిగిలిన కార్డులు. కొత్తగా వచ్చేవాళ్లు నష్టపోయిన ప్రతిసారీ ఈ విషయం దగ్గరే పొరపాటు జరగడం చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: తెరవని ప్యాకెట్ కొంటే పెద్ద కార్డు దొరికే అవకాశం బాగా ఉంటుంది.

ముందు లెక్క వేద్దాం. అందరూ అడిగేది ఫ్లీర్ కంపెనీ 1986 బాస్కెట్‌బాల్ కార్డులు. సెట్‌లో 132 కార్డులు, అందులో 57వ నంబరు మైఖేల్ జోర్డాన్. ప్యాకెట్‌కు 12 కార్డులు, ఒక స్టిక్కరు. బాక్సుకు 36 ప్యాకెట్లు. అంటే బాక్సు మొత్తంలో 432 కార్డులు, సగటున మూడు జోర్డాన్లు, అదృష్టం బాగుంటే నాలుగు. విడిగా ఒక్క ప్యాకెట్ కొంటే జోర్డాన్ ఉండే అవకాశం పదకొండింటికి ఒకటి. అదీ ఆ ప్యాకెట్‌ను ఎవరూ ఏరకుండా ఉంటేనే.

ఈ ఏరడం గురించి చాలామందికి తెలియదు. పాత బాక్సుల్లో కార్డులు పూర్తిగా కలగాపులగంగా ఉండవు. షీట్ల నుంచి కోసిన కార్డులను మెషీన్లు వరుసగా పేర్చి ప్యాకెట్లలో పెట్టేవి కాబట్టి, ఒక కార్డు తర్వాత ఏ కార్డు వస్తుందన్నదానికి ఒక క్రమం ఉంటుంది. ఆ క్రమం తెలిసినవాడు బాక్సులో కొన్ని ప్యాకెట్లు తెరిచాక మిగతావాటిలో ఏముందో చాలావరకు ఊహించగలడు. జోర్డాన్ ఉందనుకున్న ప్యాకెట్లు తను ఉంచుకుని, మిగిలినవి అమ్మేస్తాడు. ఆ ప్యాకెట్లు నిజంగా తెరవనివే. అమ్మేవాడు అబద్ధం చెప్పినట్టూ కాదు. కానీ మీరు కొన్న అవకాశం మాత్రం అప్పటికే ఖాళీ అయిపోయింది. అందుకే బాక్సు నుంచి విడిపోయిన ఒంటరి ప్యాకెట్‌ను నేను ప్యాకెట్‌గానే కొంటాను. లోపల ఏదో ఉంటుందన్న ఆశకు ఒక్క డాలరు కూడా అదనంగా ఇవ్వను.

సీలు వేసిన పూర్తి కేసుకు, అంటే బాక్సులు నింపి ఫ్యాక్టరీ నుంచి పంపే పెద్ద పెట్టెకు, అంత ధర ఎందుకు పలుకుతుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. కెనడాలోని సస్కచెవాన్‌లో ఒక ఇంట్లో ఓ-పీ-చీ కంపెనీ 1979-80 హాకీ కార్డుల కేసు ఒకటి తెరవకుండా దొరికింది. అందులో 16 బాక్సులు, బాక్సుకు 48 ప్యాకెట్లు, ప్యాకెట్‌కు 14 కార్డులు. మొత్తం 10,752 కార్డులు. సెట్‌లో ఉన్నవి 396 కార్డులు కాబట్టి, హాకీ దిగ్గజం వేన్ గ్రెట్‌స్కీ తొలి కార్డులు సగటున 27 దాకా ఉండాలి. 2024 ఫిబ్రవరిలో హెరిటేజ్ సంస్థ వేలంలో ఆ కేసు 37.2 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అదే సెట్‌లో విడి ప్యాకెట్‌కు అవకాశం ఇరవై ఎనిమిదింటికి ఒకటి. కేసులో అయితే ఎవరూ ఏరడానికి వీల్లేదు. కొన్నవాళ్లు ఆ భరోసాకు కూడా ధర కట్టారు.

ఇంకొక్క మాట. కార్డు లోపల ఉన్నంత మాత్రాన అది కొత్తదానిలా ఉండదు. దొంతరలో చివరన ఉన్న కార్డుకు పైకాగితానికి పూసిన మైనం అంటుకుంటుంది. పాత ప్యాకెట్లలో కార్డులతో పాటు పెట్టే బబుల్‌గమ్ పక్కన ఉన్న కార్డుకు గోధుమరంగు మరక పడుతుంది. ఫ్యాక్టరీలోనే బొమ్మ ఒక పక్కకు జరిగి కోతపడిన కార్డులకు లెక్కే లేదు. ప్యాకెట్‌లోంచి నేరుగా తీసిన కార్డు కదా అని గ్రేడింగ్‌కు (కార్డు స్థితికి మార్కులు వేయించడానికి) పంపి, తక్కువ గ్రేడు చూసి బాధపడేవాళ్లు చాలామంది.

అపోహ: సీలు చూడ్డానికి బాగుంటే ఎవరూ ముట్టుకోనట్టే.

నాకు ఎక్కువ డబ్బు పోయింది ఇక్కడే. అందుకే దీని గురించి వివరంగా చెబుతాను.

వ్యాక్స్ ప్యాక్ అంటే మైనం పూసిన కాగితం. కార్డుల చుట్టూ మడిచి, వెనకవైపు వేడి తగిలిస్తే మైనం కరిగి అతుక్కుంటుంది. అంతే, వేరే జిగురు ఉండదు. వేడితో అతికినది వేడితోనే విడిపోతుంది. ఓపికున్న మోసగాడికి పెద్ద సామాను అక్కర్లేదు. మంచి కార్డు తీసి, ఆ స్థానంలో అదే సంవత్సరం మామూలు కార్డు పెట్టి, మళ్లీ మడిచి వేడి తగిలిస్తాడు. మేము రీసీల్ అనేది దీన్నే.

మొదట్లో ఒక కార్డుల షోలో టాప్స్ కంపెనీ 1970ల నాటి బేస్‌బాల్ ప్యాకెట్లు మూడు కొన్నాను. బల్ల మీద చూసినప్పుడు ముచ్చటగా ఉన్నాయి. ఇంటికొచ్చి, అసలుదని నాకు గట్టిగా తెలిసిన అదే సంవత్సరం ప్యాకెట్ పక్కన పెట్టి, టేబుల్ ల్యాంప్‌ను వాలుగా తిప్పాను. అసలు ప్యాకెట్ వెనక అతుకు దగ్గర వేడి పడిన చోటు సన్నగా, మెరుపు లేకుండా ఉంది. కొన్నవాటిలో ఆ చోటు వెడల్పుగా పరుచుకుని మెరుస్తోంది. అంచు మడత దగ్గర ఒకే గీత ఉండాల్సింది, పక్కపక్కనే రెండు గీతలున్నాయి, వెంట్రుకంత దూరంలో. కాగితం ఒకసారి మడత పడితే ఆ గుర్తు పోదు. రెండోసారి మడిచే చెయ్యి సరిగ్గా ఆ గీత మీదే పడటం చాలా కష్టం.

అయినా మనసు ఒప్పుకోక ఒకటి తెరిచాను. గమ్ పైకార్డుకు ఆనుకుని ఉంది. కానీ దశాబ్దాల గమ్ మరక మాత్రం మధ్యలో ఉన్న ఒక కార్డు మీద, గమ్ ఆకారంలోనే ముద్రలా ఉంది. పైకార్డు శుభ్రంగా ఉంది. కార్డుల వరుస మారిందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? మిగతా రెండూ తెరవకుండా ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. కొత్తవాళ్లకు చూపించడానికి అంతకంటే మంచి పాఠం లేదు.

ఇప్పుడు ప్యాకెట్ చేతికి రాగానే నేను చూసేవి ఇవి. వెలుతురు నేరుగా కాకుండా పక్కనుంచి పడాలి. మడతలు ఒక్క గీతగా ఉండాలి. మూలల్లో కాగితం నలిగి మెత్తబడి ఉండకూడదు. అతుకు దగ్గర మైనం మిగతా కాగితంలాగే వయసు మళ్లి ఉండాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే జిగురు వాసన రాకూడదు. వీటన్నిటికంటే ముఖ్యం, పోల్చి చూడటానికి అదే కంపెనీ, అదే కాలం నాటి అసలు ప్యాకెట్ ఒకటి చేతిలో ఉండటం. 1980ల చివరి టాప్స్ వ్యాక్స్ ప్యాకెట్లు ఇప్పటికీ చౌకగా దొరుకుతాయి. పది కొనండి, తెరవండి, మళ్లీ మడవడానికి ప్రయత్నించండి. మీ వేళ్లకు తెలిసింది తర్వాత మీ కళ్లకు కూడా తెలుస్తుంది.

చరిత్ర తెలిసినా కొన్ని మోసాలు దొరికిపోతాయి. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు గమ్‌తో కలిపి బేస్‌బాల్ కార్డులు అమ్మాయి. గమ్‌తో కలిపి కార్డులు అమ్మే హక్కు విషయంలో అదే ఏడాది అప్పీలు కోర్టు టాప్స్ పక్షాన తీర్పు ఇవ్వడంతో, ఆ తర్వాత ఫ్లీర్ తన బేస్‌బాల్ ప్యాకెట్లలో గమ్ మానేసి స్టిక్కర్లు పెట్టింది, డాన్‌రస్ పజిల్ ముక్కలు పెట్టింది. టాప్స్ మాత్రం 1991 దాకా గమ్ పెట్టింది. కాబట్టి 1984 ఫ్లీర్ బేస్‌బాల్ ప్యాకెట్‌లో గమ్ చేతికి తగులుతోందని ఎవరైనా మురిసిపోతూ చెబితే, ఆ ప్యాకెట్ అక్కడే పెట్టేసి వచ్చేయండి.

మైనం కాగితంతో ఈ బాధ ఉందని కంపెనీలకూ తెలుసు. 1989లో అప్పర్ డెక్ రంగంలోకి దిగినప్పుడు రేకు ప్యాకెట్లు తెచ్చింది. వాటిని చింపకుండా విప్పడం కష్టం.

అపోహ: ప్లాస్టిక్ చుట్టి ఉన్న బాక్సు అంటే ఫ్యాక్టరీ సీలు.

1970ల, 1980ల టాప్స్ వ్యాక్స్ బాక్సుల్లో చాలావాటికి ఫ్యాక్టరీ నుంచి ప్లాస్టిక్ చుట్టే ఉండేది కాదు. అట్టమూత మూసి కేసులో పెట్టి పంపేవారు, అంతే. కాబట్టి అలాంటి బాక్సుకు బిగుతుగా మెరిసే ప్లాస్టిక్ చుట్టి కనిపిస్తే సంతోషించకండి. అది ఎవరు చుట్టారు, ఎందుకు చుట్టారు అని అడగండి. ప్లాస్టిక్ చుట్టే యంత్రం ఎవరైనా కొనుక్కోవచ్చు. అమెరికాలో బేస్‌బాల్ కార్డ్ ఎక్స్ఛేంజ్ లాంటి సంస్థ పాత బాక్సును పరీక్షించి, తన గుర్తుతో ప్లాస్టిక్ చుట్టి ఇస్తుంది. దానికి మార్కెట్లో గౌరవం ఉంది. కానీ అది కూడా పరీక్ష తర్వాత వేసిన చుట్టే, ఫ్యాక్టరీది కాదు.

అపోహ: నిపుణులు సర్టిఫై చేస్తే ఇక టెన్షన్ లేదు.

నేనూ సర్టిఫై చేసినవే ఎక్కువ కొంటాను. కార్డులను పరీక్షించి గ్రేడు ఇచ్చే పీఎస్ఏ సంస్థ వాళ్ల గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఉన్న ప్యాకెట్ కొంటే నిద్ర బాగా పడుతుంది, కాదనను. కానీ పరీక్షించినవాళ్లు బయటినుంచి చూసి చెప్పిన అభిప్రాయం అది. లోపలికి చూసి ఇచ్చిన హామీ కాదు. స్పోర్ట్స్ కార్డులు కాకపోయినా, యూట్యూబర్ లోగన్ పాల్ కొన్న పోకెమాన్ కార్డుల కేసు అందరికీ గుర్తుండే ఉంటుంది. 35 లక్షల డాలర్లకు కొన్న ఆ కేసును ముందే పరీక్షించి అసలుదేనన్నారు. 2022 జనవరిలో తెరిస్తే లోపల పోకెమాన్‌కు బదులు జి.ఐ. జో కార్డులు బయటపడ్డాయి. అందుకే సర్టిఫికెట్‌తో పాటు ఆ సరుకు ఎక్కడినుంచి వచ్చింది, మధ్యలో ఎన్ని చేతులు మారింది అని కూడా అడుగుతాను. కేసు తెరిచినప్పుడు నేరుగా అందులోంచి తీసిన బాక్సు అని రాతపూర్వకంగా ఉంటే కొంచెం ఎక్కువైనా ఇస్తాను.

అపోహ: పైన స్టార్ ఆటగాడు కనిపించే సెలో ప్యాక్ అన్నిటికంటే సురక్షితం, కార్డు కళ్లకు కనిపిస్తోంది కదా.

సెలో ప్యాక్ పారదర్శకంగా ఉంటుంది, పైకార్డు, అడుగుకార్డు కనిపిస్తాయి. 1980 టాప్స్‌లో బేస్‌బాల్ స్టార్ రికీ హెండర్సన్ తొలి కార్డు పైన కనిపించే ప్యాకెట్‌కు, లోపల ఎక్కడో ఉన్నదానికి ధరలో ఎంతో తేడా. అందువల్లే మోసగాళ్ల చూపు ముందు వీటి మీద పడుతుంది. విడి కార్డు ఒకటి కొని, అదే సంవత్సరం మామూలు కార్డుల పైన పెట్టి చుట్టేస్తే లాభం రెట్టింపు. పైన స్టార్ ఉన్న ప్యాకెట్‌ను మామూలు ప్యాకెట్ కంటే రెండింతలు అనుమానంగా చూడాలి. ఒకే మనిషి దగ్గర అలాంటివి వరుసగా నాలుగు కనిపిస్తే నేను మాట్లాడకుండా ముందుకు వెళ్లిపోతాను.

అపోహ: పాతదైతే చాలు, విలువ దానంతట అదే వస్తుంది.

ధర పెరిగేది మిగిలినవి తక్కువైనప్పుడే. 1952 టాప్స్ కార్డులు అమ్ముడుపోక గోదాములో పడి ఉంటే, 1960లో వాటిని బార్జి (సరుకు పడవ) మీద తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పడేశామని టాప్స్‌లో పనిచేసిన సై బెర్గర్ స్వయంగా చెప్పారు. అదే సెట్‌లోని 311వ నంబరు, బేస్‌బాల్ దిగ్గజం మిక్కీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు పోయింది. ఆ కాలంలో ప్యాకెట్ కొన్న పిల్లలు తెరిచేసి, గమ్ నమిలేసి, కాగితం పారేశారు. దాచుకోవాలని ఎవరికీ తోచలేదు.

సుమారు 1987 నుంచి 1993 దాకా పరిస్థితి తలకిందులైంది. కంపెనీలు విపరీతంగా ముద్రించాయి, జనం పెట్టుబడి అనుకుని బాక్సులకు బాక్సులు అటక మీద పెట్టారు. ఆ సరుకు చాలా ఇంకా అలాగే ఉంది. అందుకే ఈ కాలాన్ని జంక్ వ్యాక్స్ అంటారు. తాతగారు దాచిన 1990 బాక్సు దొరికిందని ఆశగా ఫోన్ చేసేవాళ్లకు ఈ మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

అపోహ: తూకం వేస్తే మంచి ప్యాకెట్ తెలిసిపోతుంది.

జెర్సీ ముక్క పొదిగిన మందపాటి కార్డులున్న కొత్త ప్యాకెట్ల విషయంలో ఈ మాట నిజమే. పాత వ్యాక్స్ ప్యాకెట్లలో అన్ని కార్డులూ ఒకే అట్టతో చేసినవి, జోర్డాన్ కార్డు బరువు పక్క కార్డు బరువే. గమ్ ముక్క ఎండినదా, విరిగినదా అన్న తేడా అంతకంటే ఎక్కువ ఉంటుంది.

అపోహ: తెరవకుండా బీరువాలో పెడితే అలాగే ఉండిపోతుంది.

వేడి తగిలితే మైనం కరిగి కార్డుల్లోకి ఇంకుతుంది, అతుకు దానంతట అదే ఊడిపోతుంది. అలా ఊడిన అసలు ప్యాకెట్‌ను రీసీల్ కాదని ఎవరికీ నమ్మించలేం. తేమ ఎక్కువైతే కార్డులు వంగుతాయి, గమ్ మెత్తబడి అంటుకుంటుంది. సెలో కాగితం వయసుతో పెళుసెక్కి, మూలల్లో చీలుతుంది. బాక్సుకు చుట్టిన ప్లాస్టిక్ మరీ బిగుతుగా ఉంటే ఏళ్ల తరబడి అంచులను నొక్కుతూనే ఉంటుంది. నేను ప్రతి బాక్సునూ దాని కొలతకు సరిపోయే గట్టి ప్లాస్టిక్ పెట్టెలో, వేడీ తేమా పెద్దగా మారని గదిలో, వెలుతురు తగలకుండా ఉంచుతాను. ఒకదాని మీద ఒకటి రెండుకు మించి పేర్చను. గమ్ ఉన్న ప్యాకెట్లు పెట్టిన అరలో పురుగు పట్టిందేమోనని నెలకోసారి చూస్తాను. కొత్తగా కొన్న ప్రతిదాన్నీ ముందు, వెనక, అతుకుల దగ్గర ఫోటోలు తీసి, తేదీతో సహా రాసి పెట్టుకుంటాను. ఎప్పుడైనా అతుకు ఊడిందని అనుమానం వస్తే ఆ పాత ఫోటో పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.