పాట ముందు మోగే వీణ

తిరుపతి

పాపకీ, చిన్నోడికీ తాత ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో అలిపిరి నుంచి ఇంటికొస్తూ చిన్నోడు కారులో ఏడెనిమిది సార్లు స్టేషన్ మార్చాడు. వయొలిన్ మోగితే మార్చేశాడు, వేణువు మోగినా మార్చేశాడు. గొంతు వినబడితేనే ఆగాడు. "పాత పాటల్లో ముందు అంత మ్యూజిక్ ఎందుకుంది తాతా, ఇప్పుడెందుకు లేదు?" అని పాప అడిగింది. ఆ ట్రాఫిక్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. గాంధీ రోడ్డులో ముప్పై ఏళ్లు రేడియోలు రిపేరు చేసినవాణ్ణి, ఈ సంగతి మీకు నేనే చెప్పాలి.

ప్రైవేటు ఎఫ్ఎం మనకు పాటలు ఊరికే వినిపిస్తుంది. డబ్బులొచ్చేది ప్రకటనల మీద. ఎంతమంది, ఎంతసేపు విన్నారన్నదాన్ని బట్టే రేటు. అందుకే మీరు స్టేషన్ మారిస్తే వాళ్లకు టెన్షన్.

1950ల్లో అమెరికాలోని ఒమాహాలో టాడ్ స్టార్జ్ అనే ఆయన, జనం ఎక్కువగా అడిగే కొద్ది పాటల్నే తన స్టేషన్‌లో మళ్లీ మళ్లీ వేయించాడు. వినేవాళ్లు పెరిగారు. అలా పుట్టిందే టాప్ 40 పద్ధతి.

తర్వాత పాటలకు పరీక్షలు మొదలయ్యాయి. జనానికి ఫోన్ చేసి, పాటలో బాగా గుర్తుండే ముక్కను పది సెకన్లపాటు వినిపిస్తారు. దాన్ని హుక్ అంటారు. ఈ పాట తెలుసా, నచ్చిందా, విని విని విసుగొచ్చిందా అని అడుగుతారు. హాల్లో జనాన్ని కూర్చోబెట్టి వందల ముక్కలకు మార్కులు వేయించడమూ ఉంది. పది సెకన్లలో పల్లవి గట్టెక్కుతుంది. రెండో చరణంలో రాగం మెల్లగా మలుపు తిరిగే చోటు ఆ పరీక్షకే రాదు. కొత్త తరహా పాటకు మొదటిసారే మార్కులు పడటం కష్టం. అందుకని ఆడిన పాటలాంటిదే ఇంకోటి కావాలంటారు. నాకు బాధ కలిగేది ఇక్కడే.

2007 నుంచి అమెరికాలో పీపుల్ మీటర్ వచ్చింది. ఒంటి మీద పెట్టుకు తిరిగే చిన్న పెట్టె. అంతకుముందు జనం ఏం విన్నారో గుర్తుచేసుకుని డైరీలో రాసేవాళ్లు. ఈ పెట్టె వచ్చాక ఏ నిమిషంలో వదిలేశారో కూడా తెలిసిపోతోంది. ఫోన్‌లో వినే పాటలకూ లెక్కుంది. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే విన్నట్టు. మరి పాట చేసేవాడు ముందు వీణ పెడతాడా, గొంతు పెడతాడా?

రిపేరయ్యాక నేను ఏ సెట్‌నైనా పాట ముందు మోగే వీణ మీదే పరీక్షించేవాణ్ణి. స్పీకర్ కాగితం చిరిగినా గొంతు ఎలాగోలా వినబడుతుంది. తీగ మీటాక ఆ నాదం సాగి సాగి సన్నబడి ఆగిపోవడం మాత్రం మంచి స్పీకర్‌లోనే వినబడుతుంది. దానికోసం చెవి ఆనించి కూర్చునేవాణ్ణి, బేరానికి వచ్చినవాళ్లు నిలబడి ఉన్నా సరే.

ఆ పాత సెట్ ఒకటి ఇంకా నా బల్ల మీదే ఉంది. దసరాకి రండి. చిన్నోడు కళ్లు మూసుకుని, వీణ ఎక్కడ ఆగిందో నాకు చెప్పాలి.

మీ తాత