బూతు పేరు, ఒక్క పాట: యుద్ధాన్ని వెక్కిరించిన బెల్‌గ్రేడ్ ట్రక్కు

2024 నవంబర్ 1న సెర్బియాలోని నోవి సాద్ రైల్వే స్టేషన్ ముందు కాంక్రీటు చూరు కూలింది. 16 మంది చనిపోయారు. ఆ తర్వాత విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చారు. చూరు కూలిన సమయానికి, 11.52కి, కూడళ్లలో ట్రాఫిక్ ఆపి మౌనంగా నిలబడ్డారు. మౌనం అయిపోగానే ఈలలు, డప్పులు, పాటలు. చేతుల్లో నాయకులను ఆటపట్టించే అట్టలు. నినాదం చూస్తే ‘పుంపాయ్’, అంటే ‘కొట్టు, ఇంకా పంపు కొట్టు’. 2025 జనవరిలో ప్రధాని మిలోష్ వూచెవిచ్ రాజీనామా ప్రకటించే దాకా వెళ్లింది వ్యవహారం. చావు మీద మొదలైన ఆందోళనలో ఇంత అల్లరేమిటని బయటివాళ్లకు వింతగా అనిపించింది. బెల్‌గ్రేడ్‌లో కాస్త వయసు మళ్లినవాళ్లకు మాత్రం ఇది కొత్త కాదు. 1992లో ఇలాంటి పనే చేసిన ఒక బ్యాండ్ వాళ్లకు గుర్తుంది. దాని పేరు రిమ్‌తుతితుకి. విడుదల చేసింది ఒక్క సింగిల్. చెప్పుకోదగ్గ ప్రదర్శనలు రెండు, అందులో ఒకటి ట్రక్కు మీద.

పేరు సంగతి ముందే చెప్పుకోవాలి. బెల్‌గ్రేడ్ కుర్రాళ్లు మాటల్లో అక్షరాలు తారుమారు చేసి మాట్లాడే యాస ఒకటుంది. ఆ లెక్కన ఈ పేరును విప్పితే పచ్చి బూతు వస్తుంది, మగాడు ఎదుటివాణ్ని లెక్కచేయనని చెప్పే రకం. ఇక్కడ రాయలేను. వినడానికి మాత్రం పిల్లల ఆటపాటలా ఉంటుంది. అర్థం తెలిసినవాడు నవ్వుకుంటాడు, తెలియనివాడు మామూలుగా పలికేస్తాడు.

ఈ పేరు పెట్టుకున్నవాళ్లు ఆకతాయిలు కాదు. అప్పటికి బెల్‌గ్రేడ్ రాక్ సంగీతంలో మూడు పెద్ద పేర్లు ఎకాతరినా వెలికా, ఎలెక్ట్రిచ్‌ని ఆర్గజం, పార్టీబ్రేకర్స్. ఆ మూడు బ్యాండ్‌ల మనుషులు కలిసి, తమ అసలు బ్యాండ్‌లను అలాగే ఉంచుకుని, పక్కన పెట్టుకున్న దుకాణం ఇది. ఎకాతరినా వెలికా నుంచి మిలన్ మ్లాదెనోవిచ్, ఎలెక్ట్రిచ్‌ని ఆర్గజం నుంచి ‘గిలె’ అని అందరూ పిలిచే స్ర్‌జాన్ గోయ్‌కోవిచ్, డ్రమ్మర్ గోరాన్ చావాయ్‌దా ‘చావ్కె’, పార్టీబ్రేకర్స్ నుంచి గాయకుడు జోరాన్ కోస్తిచ్ ‘త్సానె’, గిటారిస్టు నెబోయ్‌షా అంతోనియెవిచ్ ‘ఆంతోన్’. ఇంకా మరికొందరు. వీళ్లలో మిలన్ పేరు వినగానే యూగోస్లావియా కుర్రకారుకు గుర్తొచ్చేది దిగులు. ఒంటరితనం, రాత్రులు, విరిగిన ప్రేమ, ఇవీ అతని పాటలు. అలాంటి మనిషి బూతు పేరున్న బ్యాండ్‌లో చేరి కోరస్ పాడాడంటే పరిస్థితి ఎంత దూరం వచ్చిందో ఊహించుకోవచ్చు.

వీళ్ల స్నేహం పాతదే. 1981లో ‘పాకెట్ అరాంజ్‌మాన్’ అని ఒక సంకలన రికార్డు వచ్చింది. బెల్‌గ్రేడ్ కొత్త తరం బ్యాండ్‌లు మూడు అందులో ఉన్నాయి. గిలె బ్యాండ్ ఒకటి. మిలన్ అప్పట్లో వాయించిన షార్లో అక్రోబాతా రెండోది, చార్లీ చాప్లిన్‌కు అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు అది. మూడోది ఇదోలి. ఆ రికార్డును తెచ్చిన కంపెనీ యుగోటాన్ ఉన్నది జాగ్రెబ్‌లో, అంటే ఇప్పటి క్రొయేషియా రాజధానిలో. మిలన్ పుట్టిందీ జాగ్రెబ్‌లోనే. కొన్నేళ్లు బోస్నియాలోని సారాయెవోలో పెరిగి, తర్వాత బెల్‌గ్రేడ్ వచ్చాడు. 1991లో ఈ మూడు ఊళ్లూ మూడు వేరే వేరే దేశాలవి అయ్యే పనిలో పడ్డాయి. ‘నీది ఏ పక్షం’ అని అడిగితే అతను ఏ ఊరి పేరు చెప్పాలి?

ఆ ఏడు జూన్ 25న స్లొవేనియా, క్రొయేషియా యూగోస్లావియా నుంచి విడిపోయి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. మన తరంలో యూగోస్లావియా అంటే టిటో, నెహ్రూ, అలీనోద్యమం. 1961లో ఆ ఉద్యమం తొలి శిఖరాగ్ర సభ జరిగింది బెల్‌గ్రేడ్‌లోనే. ఆ బెల్‌గ్రేడ్ నుంచే ఇప్పుడు రిజర్వు సైనికులకు పిలుపు కాగితాలు వెళ్లాయి. క్రొయేషియాలోని వుకోవర్ పట్టణాన్ని యూగోస్లావ్ సైన్యం 87 రోజులు ముట్టడించి, నవంబర్ 18న నేలమట్టమైన స్థితిలో స్వాధీనం చేసుకుంది. కాగితం చేతికిచ్చి సంతకం పెట్టించుకోవడానికి మనుషులు వస్తారు కాబట్టి, బెల్‌గ్రేడ్ కుర్రాళ్లు చాలామంది రాత్రిళ్లు సొంతింట్లో పడుకోవడం మానేశారు. ఒకరోజు అత్తయ్య ఇల్లు, మరోరోజు స్నేహితుడి గది. వీలున్నవాళ్లు దేశమే దాటారు. ఒక రిజర్విస్టు అయితే వుకోవర్ దగ్గరి నుంచి సాయుధ వాహనం నడుపుకుంటూ వచ్చి బెల్‌గ్రేడ్ పార్లమెంటు ముందు ఆపాడు.

యుద్ధం వద్దన్నవాళ్లు మొదట చేసింది సంతాపం. 1991 అక్టోబర్ నుంచి సెర్బియా అధ్యక్షుడు స్లొబొదాన్ మిలోషెవిచ్ కార్యాలయం ఎదుటి పార్కులో సాయంత్రాలు కొవ్వొత్తులు వెలిగించారు. అదే నెలలో ‘నల్ల దుస్తుల మహిళలు’ బుధవారాల్లో నల్లబట్టలు కట్టుకుని మౌనంగా నిలబడటం మొదలుపెట్టారు. ఎంతో గౌరవం కలిగే పనులు ఇవి. కానీ ప్రభుత్వ టీవీ ఈ గౌరవాన్ని పక్కకు నెట్టేయడానికి ఒక్క మాట చాలు: దేశద్రోహులు. కాల్పుల వార్తల మధ్య మౌనం ఎవరికి వినిపిస్తుంది?

రిమ్‌తుతితుకి పుట్టింది ఇక్కడ. సైన్యంలోకి బలవంతపు సమీకరణకు వ్యతిరేకంగా బెల్‌గ్రేడ్‌లో సంతకాలు సేకరించారు. ఈ సంగీతకారులూ సంతకం పెట్టారు. పెట్టి ఊరుకోకుండా ఒక పాట చేద్దామనుకున్నారు. 1992 మొదట్లో ‘స్లుషాయ్ వామో’ రికార్డు చేశారు. ‘ఇటు విను’ అని అర్థం. సింగిల్‌గా తెచ్చింది రేడియో బి92. 1989లో కుర్రాళ్లు పెట్టుకున్న ఈ స్టేషన్, 1991 మార్చి 9న ప్రభుత్వ వ్యతిరేక ప్రదర్శన మీదికి బెల్‌గ్రేడ్‌లో ట్యాంకులు దిగినప్పుడు వార్తలు చదవొద్దని ఆంక్ష పెడితే, ఏ పాట వేస్తే జనానికి విషయం అర్థమవుతుందో చూసి ఆ పాటలే వేసింది. వాళ్లకు ఈ బ్యాండ్ సరిగ్గా సరిపోయింది.

పాటలో కవిత్వం వెతకొద్దు. ‘శాంతి, అన్నా, శాంతి’ అన్న ముక్క తిరిగి తిరిగి వస్తుంది. ఇంకో ముక్క, హెల్మెట్ కింద మెదడు లేదని. ఇది సెర్బియన్‌లో చక్కని ప్రాసతో కుదురుతుంది, ఒక్కసారి విన్నా నోటికి వచ్చేస్తుంది. తుపాకీ పేల్చడం తగ్గించి పడక మీద శ్రద్ధ పెంచమనే సలహా ఒకటి, అదీ ప్రాసతోనే, అదీ బూతే. గిటార్ మోత, అందరూ కలిసి అరిచే కోరస్, నాలుగు నినాదాలు, అంతే. వీళ్లలో ఎవరి సొంత బ్యాండ్ పక్కన పెట్టినా ఈ పాట తేలిపోతుంది. నాకు మాత్రం దాని బలమే ఆ తేలికలో ఉందనిపిస్తుంది. సైన్యం భాష మగతనం భాష. వీరుడు, పౌరుషం, పిరికిపంద, ఈ మాటలతోనే కుర్రాణ్ని బారక్స్‌కు లాగుతారు. వీళ్లు ఆ బారక్స్ బూతునే ఎత్తుకుని, దాన్ని సైన్యం మీదికి తిప్పారు. యుద్ధానికి రానివాడు మగాడు కాదన్న ప్రచారానికి ‘మగతనం చూపించుకోవడానికి వేరే చోటుంది లే’ అన్న జవాబు. ఈ రోజు వింటే ఆ మగ బూతు కొంచెం ఇబ్బంది పెడుతుంది, ఒప్పుకోవాలి. అప్పటి మిలన్‌కు 33 ఏళ్లు, గిలెకు ముప్ఫై. రిజర్వు పిలుపు వచ్చే వయసులోనే ఉండి పాడుతున్నారు.

పాటను రిపబ్లిక్ స్క్వేర్‌లో కచేరీ పెట్టి జనంలోకి తీసుకెళ్లాలనుకున్నారు. అధికారులు అనుమతి ఇవ్వలేదు. సరే, చౌక్ ఇవ్వకపోతే రోడ్డు ఉందిగా. 1992 మార్చి 8, ఆదివారం. ఒక ఓపెన్ ట్రక్కు తెచ్చి, దాని మీద డ్రమ్స్, గిటార్లు, స్పీకర్లు ఎక్కించి, బెల్‌గ్రేడ్ వీధుల్లో పాడుకుంటూ తిరిగారు. సభ అయితే అనుమతి కావాలి, వచ్చినవాళ్ల లెక్క తీస్తారు. కదిలే బండిని ఏ లెక్కలో వేస్తారు? ఆదివారం వీధిలో నడుస్తున్నవాళ్ల పక్కనుంచే, దేశంలో పేరున్న గాయకులు హెల్మెట్‌ను వెక్కిరిస్తూ వెళ్తున్నారు. కొందరు బండి వెంట నడిచారు. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. చూస్తే పెళ్లి ఊరేగింపులా ఉంటుంది.

ఆ తేదీకి అటూ ఇటూ ఏం జరుగుతోందో చూడాలి. అంతకు సరిగ్గా వారం ముందు, మార్చి 1న, బోస్నియాలో స్వాతంత్ర్యంపై రెఫరెండం ముగిసింది. ఆ వెంటనే సారాయెవోలో బారికేడ్లు లేచాయి. మార్చి 9కి, అంటే మర్నాటికి, బెల్‌గ్రేడ్‌లో ట్యాంకులు దిగి ఏడాది. ట్రక్కు తిరిగి నెల కాకముందే, ఏప్రిల్ మొదటి వారంలో, సారాయెవో ముట్టడి మొదలైంది. మిలన్ పెరిగిన ఊరు అది.

ఏప్రిల్ 22న ఎట్టకేలకు రిపబ్లిక్ స్క్వేర్‌లో శాంతి కచేరీ జరిగింది. దానికి ‘మమ్మల్ని లెక్కలో వేసుకోకండి’ అని పేరు పెట్టారు. 1978లో జోర్జె బలాషెవిచ్ రాసిన ఒక పాట ఉండేది, టిటో కాలపు యువత ‘మమ్మల్ని లెక్కలో వేసుకోండి’ అని దేశానికి మాటిచ్చే పాట. బడి పిల్లలందరికీ వచ్చు. దాన్నే తలకిందులు చేశారు. వేదిక మీద రిమ్‌తుతితుకి కూడా ఉంది. వచ్చిన జనం యాభై వేలని అంటారు. ఏడ్చినా, నవ్వినా, పాడినా, సారాయెవో మీద గుండ్లు ఆగలేదు. మే 30న ఐక్యరాజ్యసమితి ఆంక్షలు వచ్చాయి. బ్యాండ్ ముందుకు సాగలేదు. ఆల్బమ్ లేదు, టూర్ లేదు. అసలు బ్యాండ్‌లు మాత్రం జాగ్రెబ్ బ్యాండ్ వ్యేష్టిత్సెతో కలిసి ప్రేగ్‌లో, బెర్లిన్‌లో కచేరీలు చేశాయి. బెల్‌గ్రేడ్, జాగ్రెబ్ బ్యాండ్‌లు ఒకే వేదిక ఎక్కాలంటే మూడో దేశం కావాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. సెర్బియాలో రాక్ వాయించినవాళ్లంతా శాంతికాముకులు, జానపద బాణీ పాడినవాళ్లంతా యుద్ధోన్మాదులు అని చెప్పే కథలు చాలా ఉన్నాయి. ‘స్లుషాయ్ వామో’లోనే జానపద సంగీతం గెలవడం మాకొద్దనే ముక్క ఉంది. నగరపువాళ్ల చిన్నచూపు అందులో లేదనలేం. రాక్‌లో పెద్దవాడైన రిబ్లియా చోర్బా గాయకుడు బోరా జోర్జెవిచ్ ఆ రోజుల్లో బాహాటంగా సెర్బ్ జాతీయవాదం వైపే నిలబడ్డాడు. వాద్యాన్ని బట్టి మనిషి పక్షం తేలదు. ఇంకో వైపు, నవ్వును ఆయుధంగా వాడింది ఈ ఒక్క బ్యాండే అనడానికీ లేదు. జానపద బాణీకి డాన్స్ బీట్ కలిపిన సంగీతానికి ‘టర్బోఫోక్’ అన్న మాటను పుట్టించాడని చెప్పే వ్యంగ్య గాయకుడు రాంబో అమాదెయుస్, అదే ఏడు టీవీలో లైవ్‌గా వస్తున్న ఒక సంగీతోత్సవంలో వేరే గాయని పాట మధ్యలో మైకు లాక్కున్నాడు. మనమిక్కడ పాడుతుంటే క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ మీద, బోస్నియాలోని తూజ్లా మీద బాంబులు పడుతున్నాయని చెప్పి, అందరినీ ఒక తిట్టు తిట్టి వెళ్లిపోయాడు.

1993 చివరికి ధరలు ఎలా ఉన్నాయంటే 50,000 కోట్ల దినార్ల నోటు అచ్చేశారు, దాని మీద పిల్లల కవి జ్మాయ్ బొమ్మ వేసి. జోక్ చేయడానికి బ్యాండ్ ఎందుకు, నోట్లు అచ్చేసే బ్యాంకు చాలు. మిలన్ ఆ కాలాన్ని ఎక్కువ చూడలేదు. 1994 నవంబర్ 5న పాంక్రియాస్ క్యాన్సర్‌తో పోయాడు, 36 ఏళ్లకే. చావ్కె మిగిలాడు. బి92 తీసిన ‘గెటో’ అనే డాక్యుమెంటరీలో కెమెరాకు బెల్‌గ్రేడ్ చూపిస్తూ నడిచే మనిషి అతనే. తన సొంత ఊళ్లో తనకు చోటు లేనట్టు నడుస్తాడు. 1997లో ఆస్ట్రేలియాలో చనిపోయాడు. ఎకాతరినా వెలికాలో మిలన్ పక్కన కీబోర్డు వాయించిన మార్గితా స్తెఫానోవిచ్ 2002లో పోయింది. గిలె, త్సానె తమ తమ బ్యాండ్‌లతో ఆ తర్వాతా పాడుతూనే వచ్చారు.

వీధి మీద నవ్వే అలవాటు మాత్రం పెద్దదైంది. 1996 నవంబర్ స్థానిక ఎన్నికల్లో ప్రతిపక్షం గెలుపును మిలోషెవిచ్ ప్రభుత్వం రద్దు చేస్తే, నెలల తరబడి ఊరేగింపులు జరిగాయి. సాయంత్రం ఏడున్నరకు ప్రభుత్వ టీవీ వార్తలు మొదలవగానే జనం కిటికీలు తెరిచి గిన్నెలు, మూతలు మోగించేవారు, వార్తలు వినపడకుండా. 1998లో పుట్టిన విద్యార్థి ఉద్యమం ‘ఒత్పోర్’ ఒక ఇనుప పీపా మీద మిలోషెవిచ్ బొమ్మ అతికించి వీధిలో పెట్టింది. ఒక దినార్ వేయండి, కర్రతో ఒక దెబ్బ కొట్టండి. పోలీసులు వచ్చారు. ఎవరిని పట్టుకోవాలో తెలియక పీపాను జీపెక్కించుకుపోయారు. 2000 అక్టోబర్ మొదట్లో మిలోషెవిచ్ దిగిపోయాడు.

ఇక ‘స్లుషాయ్ వామో’ను విడుదల చేసిన బి92. 1999లో నాటో బాంబులు పడుతుండగా ప్రభుత్వం ఆ స్టేషన్‌ను గుంజుకుంది. పాతవాళ్లు బి2-92 అనే పేరుతో బయట మొదలుపెట్టి, మిలోషెవిచ్ పోయాక సొంత చోటికి తిరిగొచ్చారు. ఆ తర్వాత టీవీ వచ్చింది, యజమానులు మారారు, రియాలిటీ షోలు వచ్చాయి. 2015లో రేడియోకు ఆ పేరు కూడా తీసేసి ప్లే రేడియో అని పెట్టారు.