సస్పెండ్, రెజ్యూమ్, మధ్యలో ఫ్యాన్: అపోహలు - వాస్తవాలు

లినక్స్‌లో ల్యాప్‌టాప్ డ్రైవర్ల (హార్డ్‌వేర్‌ని నడిపే కోడ్) పని మొదలుపెట్టినవాళ్లు ఫ్యాన్ స్పీడు మార్చే కోడ్ ఎంతో శ్రద్ధగా రాస్తారు. మూత మూస్తే మిషన్ పడుకోవడం (సస్పెండ్), తెరిస్తే లేవడం (రెజ్యూమ్), ఆ మధ్యలో ఏం జరగాలన్నది మాత్రం చివర్లో నాలుగు లైన్లతో సరిపెట్టేస్తారు. మిషన్ వేడెక్కే ప్రమాదం దాగి ఉండేది ఆ నాలుగు లైన్లలోనే.

అపోహ: సస్పెండ్‌కు ముందున్న ఫ్యాన్ లెవెల్‌ని దాచిపెట్టి, రెజ్యూమ్‌లో అదే తిరిగి రాస్తే చాలు.

వాస్తవం: బ్యాక్‌లైట్‌కైతే అది సరే. ఫ్యాన్‌కు కాదు. పడుకునేముందు మిషన్ చల్లగా ఉంది కాబట్టి యూజర్ లెవెల్ 1 పెట్టుకుని ఉండొచ్చు. లేచేసరికి అది బ్యాగులో గాలాడక వేడెక్కి ఉండొచ్చు. ఆ స్థితిలో పాత 1ని రాస్తే, ఫర్మ్‌వేర్ (మిషన్‌లోనే ఉండే తయారీదారు సాఫ్ట్‌వేర్) పెంచిన స్పీడుని మనమే తగ్గించినట్టవుతుంది.

థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌ల కోసం లినక్స్‌లో ఉన్న థింక్‌ప్యాడ్_ఏసీపీఐ డ్రైవర్ దీన్ని చక్కగా పరిష్కరించింది. రెజ్యూమ్‌లో అది ఫ్యాన్ స్పీడుని ఎప్పుడూ తగ్గించదు. ఫ్యాన్ లాంటివాటిని చూసుకునే చిన్న చిప్ ఎంబెడెడ్ కంట్రోలర్ (ఈసీ). దాని రిజిస్టర్‌తో (విలువ రాసే చోటు) నడిచే మోడళ్లలో 0 నుంచి 7 దాకా లెవెల్స్, వాటితోపాటు ఆటో, ఫుల్‌స్పీడ్ ఉంటాయి. ముందున్నది 7 గానీ ఫుల్‌స్పీడ్ గానీ అయితేనే దాన్ని తిరిగి పెట్టే సంగతి ఆలోచిస్తుంది. ఫ్యాన్ ఇప్పటికే ఫుల్‌స్పీడ్‌లో ఉంటే అసలు ముట్టుకోదు. 3 ఉండిందనుకోండి, వదిలేస్తుంది. లేచేటప్పుడు ఫర్మ్‌వేర్ తనకు సరైనదనిపించిన లెవెల్ పెట్టే ఉంటుంది, మనం వేలు పెట్టేది స్పీడు పెంచడానికి మాత్రమే అన్నది అక్కడి లెక్క. కొత్త డ్రైవర్ రాసే ఎవరికైనా నేను మొదట చదవమనేది ఈ డ్రైవర్‌లోని రెజ్యూమ్ ఫంక్షనే.

అపోహ: ఫ్యాన్ మోడ్‌ని నిర్ణయించే పీడబ్ల్యూఎం1_ఎనేబుల్ ఫైలులో 0 రాస్తే ఫ్యాన్ ఆగుతుంది.

వాస్తవం: హెచ్‌డబ్ల్యూమాన్ (ఫ్యాన్లు, సెన్సర్లకు లినక్స్‌లోని ఉమ్మడి ఇంటర్‌ఫేస్) నియమం ప్రకారం 0 అంటే కంట్రోల్ లేదు, అంటే ఫుల్‌స్పీడ్. 1 మాన్యువల్, 2 నుంచి పైవి ఆటోమేటిక్.

అపోహ: వాచ్‌డాగ్ టైమర్ ఉంది కాబట్టి మాన్యువల్‌లో వదిలి పడుకోబెట్టినా ఫర్వాలేదు.

వాస్తవం: కంట్రోల్ ప్రోగ్రామ్ హ్యాంగైతే కాపాడడానికి పెట్టిన టైమర్ అది. సస్పెండ్‌లో యూజర్ ప్రోగ్రామ్‌లన్నీ ఫ్రీజ్ అవుతాయి, కెర్నెల్ (లినక్స్ మూలభాగం) టైమర్లు కూడా ఆగిపోతాయి. ఎస్3లో (ర్యామ్‌కు తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆపే సస్పెండ్) చాలా మిషన్లలో ఫర్మ్‌వేరే అన్నీ మళ్లీ సెట్ చేస్తుంది కాబట్టి ఈ లోపం బయటపడదు. ఎస్‌టూఐడిల్ అనే తేలికపాటి సస్పెండ్‌లో అలా కాదు. సీపీయూ గాఢమైన ఐడిల్‌లో ఉంటుందంతే, మీరు మాన్యువల్‌లో వదిలిన ఫ్యాన్ అలాగే ఉండిపోవచ్చు. అందుకే సస్పెండ్ కాల్‌బ్యాక్‌లో (పడుకునేముందు కెర్నెల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్) పగ్గాలు ఈసీకి అప్పగించి, ఆటోలో పెట్టి పడుకోబెట్టడం మంచిది.

అపోహ: విలువ మారకపోతే హార్డ్‌వేర్‌కు మళ్లీ రాయడం దండగ.

వాస్తవం: రెజ్యూమ్ తర్వాత మీ కాష్ (డ్రైవర్ గుర్తుంచుకున్న విలువ) చెప్పేది ఒకటి, చిప్‌లో ఉన్నది ఇంకొకటి కావచ్చు. కాష్‌లో 'మాన్యువల్' అని ఉంటుంది, ఈసీ ఆటోకి వెళ్లిపోయి ఉంటుంది. యూజర్ మళ్లీ మాన్యువల్ అడిగితే డ్రైవర్ "అదే ఉందిగా" అనుకుని రాయకుండా వదిలేస్తుంది. రెజ్యూమ్‌లో ముందు హార్డ్‌వేర్ నుంచి చదవండి. రెగ్‌మ్యాప్ (రిజిస్టర్లు చదివి రాసే కెర్నెల్ సదుపాయం) కాష్ వాడితే పడుకునేముందు దాన్ని డర్టీగా (హార్డ్‌వేర్‌తో సరిపోలకపోవచ్చని) గుర్తు పెట్టండి. కానీ లేచాక కాష్‌ని హార్డ్‌వేర్‌కు సింక్ చేసేటప్పుడు ఫ్యాన్ రిజిస్టర్‌లోకి పాత తక్కువ లెవెల్ వెళ్లకుండా చూడండి.

పరీక్షకు చల్లని మిషన్ పనికిరాదు. లోడ్ పెట్టి బాగా వేడెక్కించి, లెవెల్ తక్కువలో ఉంచి, ఆర్‌టీసీవేక్ కమాండ్‌తో ఒక నిమిషం పడుకోబెట్టి లేపండి. లేచిన వెంటనే ఆర్‌పీఎం (నిమిషానికి ఫ్యాన్ ఎన్నిసార్లు తిరుగుతోందో), టెంపరేచర్ రెండూ చదవండి. ఎస్3కి ఒకసారి, ఎస్‌టూఐడిల్‌కి ఒకసారి, హైబర్నేట్‌కి (మెమరీని డిస్క్‌లో దాచి ఆఫ్ అవడం) ఇంకోసారి.