వరిగడ్డి పెట్రోలు బంకు దాకా వచ్చేదెలా?

బియ్యపు గింజలోని పిండిపదార్థమైనా, ఎండుగడ్డిలోని సెల్యులోజైనా గ్లూకోజు గొలుసులే. తేడా అంతా ఆ గ్లూకోజు అణువులు ఒకదానితో ఒకటి ముడిపడిన తీరులో ఉంది. పిండి ముడి మన ఉమ్మినీటికే విడిపోతుంది. సెల్యులోజు ముడి విప్పే ఎంజైము మన ఒంట్లో లేదు. ఆవుకూ సొంతంగా లేదు, దాని పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. గడ్డి నుంచి ఇథనాల్, అంటే పెట్రోలులో కలిపే ఆల్కహాలు, తీయాలంటే ముందు ఆ పనే ఫ్యాక్టరీలో జరగాలి.

హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ కట్టిన ప్లాంటు 2022 ఆగస్టు 10న ప్రారంభమైంది. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది లక్ష్యం. అంటే టన్ను గడ్డికి 150 లీటర్లు.

ఇలాంటి చోట్ల సాధారణంగా గడ్డిని ముక్కలు చేసి, పలచని ఆమ్లంతో తడిపి, ఆవిరి ఒత్తిడిలో ఉడికిస్తారు. సెల్యులోజు పోగులను గట్టిగా పట్టుకుని ఉన్న లిగ్నిన్ అప్పుడు కొంత సడలుతుంది. ఆ తర్వాతే ఎంజైములకు లోపలికి దారి దొరుకుతుంది. వచ్చిన గ్లూకోజును ఈస్టు పులియబెట్టి ఇథనాల్‌గా మారుస్తుంది. గడ్డిలో గ్లూకోజుతో పాటు జైలోజు అనే మరో చక్కెర కూడా దండిగా ఉంటుంది. మామూలు ఈస్టు దాన్ని ముట్టదు, అందుకే జన్యువులు మార్చిన ఈస్టును తయారుచేయాల్సి వచ్చింది.

ఆ ఎంజైముల కథ నాకు మహా ఇష్టం. రెండో ప్రపంచయుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు, సామగ్రి బూజు పట్టి చివికిపోయేవి. ఆ నష్టాన్ని ఆపడానికి పరిశోధన మొదలైంది. గుడ్డను తినేస్తున్న ఆ బూజుల్లో ఒకదానికి తర్వాత ఎల్విన్ రీస్ అనే శాస్త్రవేత్త పేరు మీదుగా ట్రైకోడెర్మా రీసీ అని పేరు పెట్టారు. ఇవాళ పరిశ్రమల్లో సెల్యులోజును విరగ్గొట్టే ఎంజైముల తయారీకి ముఖ్య ఆధారం దాని సంతతే. సైన్యం వదిలించుకోవాలనుకున్న బూజు మనకు పనికొచ్చింది!

రసాయనశాస్త్రం ఇంత దూరం వచ్చినా వ్యాపారం మాత్రం తడబడుతూనే ఉంది. అమెరికాలోని అయోవాలో మొక్కజొన్న చొప్పతో ఇథనాల్ తీయడానికి డుపాంట్ అనే రసాయనాల కంపెనీ 2015లో పెద్ద ప్లాంటు తెరిచింది, 2017లోనే అమ్మకానికి పెట్టేసింది. గడ్డి తేలిక, కానీ చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. లారీ నిండుతుంది గానీ బరువు తూగదు. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, దానికి తోడు పొలం మట్టి, ఇసుక, అన్నీ కలిసి యంత్రాలను అరగదీస్తాయి. పంజాబ్, హర్యానాల్లో వరికోతకూ గోధుమ నాటుకూ మధ్య రైతుకు దొరికేది రెండు మూడు వారాలు. ఆలోగా గడ్డి ఎత్తకపోతే పొలంలోనే నిప్పు పెడతారు.

మన దగ్గరా కోత మిషన్లు వచ్చాక ఆ పొగ కనిపిస్తోంది. మరోపక్క భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల్లోని బియ్యం ఇథనాల్ డిస్టిలరీలకు వెళుతోంది. తినే గింజను మరిగించి గడ్డిని తగలబెట్టుకోవడం నాకు మింగుడుపడదు. కొత్త ఎంజైములపై పెట్టే డబ్బుతో పాటు ఊరూరా గడ్డిని కట్టలు కట్టే బేలర్ యంత్రాలకు, వానకు తడవని నిల్వషెడ్లకు కూడా ఖర్చు పెట్టాలి. గడ్డి కట్ట కట్టించి ప్లాంటుకు పంపితే చేతిలో నాలుగు రూపాయలు మిగులుతాయని తేలితే, ఏ రైతూ దానికి అగ్గిపుల్ల గీయడు.