గేదె నరంలో దాక్కున్న హెర్పిస్

కిందటి కార్తీకంలో కోనసీమలో మా బాబాయ్ గేదె ఏడో నెల్లో ఈసుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోయింది. ఫోన్ చేసి ముందు "ఎవరి దిష్టో తగిలిందిరా" అన్నాడు, తర్వాత కాసేపాగి "వరదలప్పుడు ఏటిగట్టు మీద కట్టాం కదా, అక్కడేదో అంటుకుందేమో" అన్నాడు. దిష్టి సంగతి వదిలేయండి, ఆ రెండో అనుమానం మాత్రం కొట్టిపారేసేది కాదు.

ఈసుకుపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. ముందు చూడాల్సింది బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా, అది మనుషులకీ వస్తుంది కాబట్టి పడిపోయిన దూడనీ మాయనీ ఉత్త చేతుల్తో ముట్టుకోకూడదు (బాబాయ్ ముట్టుకున్నాడు, డాక్టర్ గారి చేత తిట్లూ తిన్నాడు). ఆ జాబితాలోదే బొవైన్ హెర్పిస్‌వైరస్-1. జ్వరమొచ్చినప్పుడు మన పెదవి మీద పొక్కులు తెప్పించే వైరస్‌కి పశువుల్లో చుట్టం లాంటిది, మనుషులకి మాత్రం సోకదు. జబ్బు పేరు ఐబీఆర్ (ఇన్ఫెక్షియస్ బొవైన్ రైనోట్రాకియైటిస్). మన దేశంలో మొదటిసారి 1976లో ఉత్తరప్రదేశ్‌లో బయటపడింది. జ్వరం, ముక్కు ఎర్రబడటం, చీమిడి, కళ్లవెంట నీళ్లు, చూడి పశువైతే ఈసుకుపోవడం.

జబ్బు తగ్గినా వైరస్ పోదు, తిరకాసంతా అక్కడే. ముక్కులోంచి నరం పట్టుకుని పాకి, పుర్రె అడుగున ట్రైజెమినల్ గాంగ్లియన్ అనే నరాల ముడిలో చేరి బతికున్నంతకాలం అక్కడే పడుకుంటుంది, అలా పడుకున్నన్నాళ్లూ ముక్కులో దూదిపుల్ల పెట్టి ఎంత వెతికినా దొరకదు. ఈనినప్పుడో, లారీలో దూరం తోలినప్పుడో, పశువు టెన్షన్ పడినప్పుడు లేస్తుంది. గోదారి పొంగితే లంకల్లో పశువుల్ని పడవలెక్కించి తెచ్చి గట్టు మీద మందలు మందలుగా ఒకేచోట కట్టేస్తారు, వైరస్ లేవడానికీ పక్కదాని ముక్కులోకి పోవడానికీ అంతకంటే ఏం కావాలి! పైగా సోకిన వెంటనే ఈసుకుపోదు, కొన్ని వారాలు పడుతుంది, ఒక్కోసారి మూడు నెలలు కూడా. శ్రావణంలో వరద, కార్తీకంలో నష్టం. లెక్క సరిపోతోంది కానీ లెక్క సాక్ష్యం కాదు కదా.

సాక్ష్యం ఏదైనా ఉంటే పడిపోయిన దూడలోనే ఉంటుంది. దాని కాలేయం ముక్క ఐస్‌లో పెట్టి పంపితే ల్యాబ్‌లో డీఎన్ఏ తీసి, వైరస్ పైపొరలోని గ్లైకోప్రొటీన్-బి జన్యువులో చిన్న ముక్కని పీసీఆర్‌తో కోట్ల కాపీలు చేసి చూస్తారు. వినడానికి తేలికే. డీఎన్ఏ రాతకి ఏ, టి, జి, సి అని నాలుగే అక్షరాలు. ఈ వైరస్ జీనోమ్, అంటే మొత్తం డీఎన్ఏ రాత, దాదాపు 1,35,000 అక్షరాలు, అందులో నూటికి 72 దాకా జి, సి లే. ఏ-టి జంటకి రెండు బంధాలైతే జి-సి జంటకి మూడు, అందుకని వేడిచేసినా పోగులు ఓ పట్టాన విడిపోవు, తడిసిన కొబ్బరితాడు ముడిలా బిగుసుకుంటాయి. దానికో ఉపాయంగా చాలా ల్యాబుల్లో ముడి వదులవడానికి డీఎంఎస్ఓ అనే ద్రావకం కాస్త కలుపుతారు.

దొరికాక రకం తేల్చాలి. ఇదివరకు డీఎన్ఏని హిండ్-3 లాంటి ఎంజైముతో కోసి, ముక్కల చారలు ఎలా పడ్డాయో చూసేవారు, ఇప్పుడు అక్షరాలే చదివేసి పాత నమూనాలతో పోలుస్తున్నారు. 1.1 అనే రకానికి ఈసుకుపోవడంతో సంబంధం ఎక్కువ, 1.2బి రకం కాస్త నెమ్మది. ఒకప్పుడు 1.3 అని పిలిచినది అసలు వేరే వైరస్సని జన్యువులు చూశాకే తేలింది, అదిప్పుడు హెర్పిస్‌వైరస్-5, దూడల మెదడుకి ఎక్కుతుంది.

మరి మా బాబాయ్ దూడనేమో డాక్టర్ గారు వచ్చేసరికే కాలవగట్టున పాతేశాడు. ఇక మిగిలింది గేదె రక్తం. ఐబీఆర్ యాంటీబాడీలు పాజిటివ్ వచ్చాయి, అంటే ఎప్పుడో సోకిందనే తప్ప ఈసుకుపోవడానికి అదే కారణమని కాదు.

గేదె కావడంతో చిక్కు ఇంకాస్త ఎక్కువ. గేదెలకి సొంతంగా బ్యుబలైన్ హెర్పిస్‌వైరస్-1 అని ఒకటుంది, 1970ల మొదట్లో ఆస్ట్రేలియా గేదెల్లో దొరికింది. గ్లైకోప్రొటీన్-బి మీద తయారైన యాంటీబాడీల్ని చూసే మామూలు రక్తపరీక్షకి దానికీ ఆవుల వైరస్‌కీ తేడా తెలియదు. గ్లైకోప్రొటీన్-ఇ పరీక్ష కూడా కలిపి చూస్తే చాలావరకు తెలుస్తుంది, గట్టిగా తేల్చేది మాత్రం జన్యువులే. ఇందులో ఇంకో తమాషా. ఐబీఆర్‌కి మార్కర్ టీకాలున్నాయి, వాటిలో వైరస్ నుంచి ఇ జన్యువు తీసేస్తారు, దాంతో రక్తంలో బి యాంటీబాడీలుండి ఇ యాంటీబాడీలు లేకపోతే టీకా వేసిన పశువని గుర్తుపడతారు. గేదె వైరస్ సోకినదీ సరిగ్గా అలాగే కనిపించొచ్చు, జన్మలో టీకా ఎరగని గేదె టీకా వేసినట్టు! మా వైపు పాలంటే గేదె పాలే కాబట్టి నాకిది చిన్న విషయంగా అనిపించదు.

మొన్న బాబాయ్ ఇంకో గేదెని కొంటూ అడ్వాన్స్ ఇచ్చే ముందు ఫోన్ చేశాడు. రక్తం తీయించు, తెచ్చాక ఓ మూడు వారాలు సావిడిలో కలపకుండా విడిగా కట్టు అన్నాను. "విడిగా అంటే ఎక్కడ కట్టనురా, కొబ్బరితోటలోనా? కాయ నెత్తిన పడితే ఎవడు పూచీ?" అన్నాడు. దింపు తీయించిన చెట్టు కింద కట్టమన్నాను.