మెయిల్ అంటే చాలు, చైన్ అక్కర్లేదు

అపోహ: మధ్యయుగంలో ఇంగ్లండ్ నైట్లు (గుర్రపు యోధులు) తొడిగిన ఇనుప రింగుల కవచం పేరు 'చైన్ మెయిల్'. దానికి తోబుట్టువులు 'ప్లేట్ మెయిల్', 'స్కేల్ మెయిల్', 'రింగ్ మెయిల్'.

వాస్తవం: తొడిగినవాళ్ళకు అది ఉత్త 'మెయిల్'. లాటిన్ 'మాకులా' ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అర్థం వలకన్ను. ఇనుప రింగుల అల్లిక అనే సంగతి ఆ మాటలోనే ఉంది. ముందు చైన్ తగిలించడం మన 'నడిసెంటర్' బాపతు. 'ప్లేట్ మెయిల్' ఇంకా విడ్డూరం, రేకుతో అల్లిన వలట!

ఈ రకాలన్నీ ఎక్కడివి? 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచిన కథను కుట్టుపనిలో చూపేది బేయో వస్త్రం. దాన్ని కుట్టినవాళ్ళు రింగుల్ని ఒకచోట సున్నాలుగా, ఇంకోచోట గళ్ళుగా చూపించారు. ఇలాంటి తేడాలను నమ్మి 1824లో కవచాల పండితుడు శామ్యూల్ మేరిక్ 'రింగ్డ్', 'ట్రెలిస్డ్', 'మాస్కిల్డ్' అంటూ ఒక్కోదాన్ని ఒక్కో కవచం చేసేశాడు. మారింది కుట్టు, కవచం కాదు. కంప్యూటర్ ఆటలు ఈ రకాలను ఇప్పటికీ మోస్తున్నాయి.

దీనివల్ల అసలు దెబ్బ అనువాదకులకు. 'చైన్' పట్టుకుని మధ్యయుగపు ఆయుధాల జాబితాలు వెతికితే చేతికేమీ రాదు. వెతకాల్సిన మాటలు వేరు. పాత ఇంగ్లిష్‌లో 'బిర్నె'. నార్మన్ల తర్వాత 'హాబెర్క్'. పుట్టుకలో 'మెడను కాచేది' అని అర్థం, వాడుకలో మాత్రం మోకాళ్ళ దాకా వచ్చే చొక్కా. దాని చిన్నది 'హాబెర్జన్'. తలకు 'కాయిఫ్', శిరస్త్రాణం అంచు నుంచి భుజాల మీదికి వేలాడేది 'అవెంటెయిల్', మెడపట్టీ 'పిసాన్'. ఈ చిన్నాపెద్దా తేడా ఉత్తదే అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో 1181 నాటి ఆయుధాల శాసనం 16 మార్కుల (అప్పటి డబ్బు లెక్క) ఆస్తిపరుడికి 'లోరికా' (లాటిన్‌లో హాబెర్క్) ఉండాలంది, 10 మార్కులవాడికి 'ఆబెర్జెల్' (హాబెర్జన్) చాలంది.

ఇంకో ఉచ్చు ఉంది. 14వ శతాబ్దపు ఇంగ్లిష్ కవి చాసర్ కథలో సర్ తోపాస్ అనే నైట్ ముందు దూది కుట్టిన 'ఆకెటన్', పైన హాబెర్జన్, ఆపైన హాబెర్క్ వేసుకుంటాడు. ఆ హాబెర్క్ 'ప్లేట్'తో చేసినదని చాసరే చెప్పాడు. ఇక్కడ 'రింగుల చొక్కా' అని రాస్తే తప్పే. కంగారు పడకండి, ఆ మాటతో పండితులూ తంటాలు పడ్డారు. ముందు కాలం చూడండి, తర్వాత 'దేనితో చేసినది' అన్న మాట, ఆ తర్వాత ఏ పొర కింద ఏ పొర ఉందో. మామూలు మెయిల్‌కైతే తెలుగులో 'రింగుల మైమరువు' అంటే సరిపోతుంది.

మిగతావి గబగబా. టపా 'మెయిల్'కూ దీనికీ చుట్టరికం లేదు, అది సంచి అనే మాట నుంచి వచ్చింది. 'బ్లాక్‌మెయిల్'లోది స్కాట్లాండ్ కప్పం. హాబెర్క్ మోయలేని బరువేం కాదు, సుమారు 10 కిలోలు. నడుముకు బెల్టు బిగిస్తే భుజాల మీద భారం తగ్గుతుంది. అయితే రింగు కొసలు ఊరికే ఆనించిన ఇప్పటి బజారు నకలు పోటుకు విచ్చుకుంటుంది. అసలుదానిలో ఒక్కో రింగు నాలుగింటిలోంచి దూరుతుంది, కొసలు చదును చేసి, బెజ్జం కొట్టి, రివెట్ వేస్తారు.

రేకు కవచం రాగానే మెయిల్ మూలపడిందన్నదీ ఒట్టిదే. 15వ శతాబ్దపు తొడుగుడు సూచనల్లో 'గసెట్' అనే మెయిల్ ముక్కల్ని లోపలి చొక్కా అయిన డబ్లెట్‌కు మోచేతి మడతలోనూ చంక కిందా కుట్టమని ఉంది, రేకు వంగని చోట్లు అవే మరి.